తిరుగు కబురు

పోయిన ఏడాది వేసవిలో ఒక రాత్రి మా అపార్ట్‌మెంట్ మీది ట్యాంకు తెల్లవార్లూ పొర్లింది. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఏప్రిల్‌లో నీళ్ళు ఎంత కష్టమో అక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా బోరు రోజుకి రెండు గంటలు పోస్తే గొప్ప. మిగతాది ట్యాంకరే. అలా డబ్బు పెట్టి కొన్న నీళ్ళు సంపులోంచి పైకెక్కి, ఓవర్‌ఫ్లో పైపులోంచి వీధిలోకి, అక్కణ్ణుంచి డ్రైనేజీలోకి పోయాయి. తెల్లారేసరికి సంపు ఖాళీ. లాగడానికి నీళ్ళు లేక మోటారు ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోయింది.

ఆ మోటారుకి అంతకు ఏడాది ముందే ఆటోమేటిక్ డబ్బా పెట్టించాం. ట్యాంకులో స్టీలు కడ్డీలు వేలాడుతుంటాయి. నీళ్ళు కింది కడ్డీని వదిలితే మోటారు ఆన్ అవుతుంది, పై కడ్డీని తాకితే ఆఫ్ అవుతుంది. మా బోరువి ఉప్పు నీళ్ళు. ఏడాదిలో కడ్డీలకి పళ్ళకి పట్టినట్టు తెల్లగా గార పట్టింది. ఆ రాత్రి నీళ్ళు పై కడ్డీని ముంచేసినా, గార అడ్డుపడి కరెంటు పారలేదు. ట్యాంకు ఇంకా నిండలేదనే డబ్బా అనుకుంది.

మోటారు బాగుచేయించాం, కడ్డీలు మార్చాం. కానీ ఆ పొద్దున మా వాచ్‌మన్ అన్న మాట నన్ను వదల్లేదు. రాత్రి ఒంటిగంటకి ఆయనకి మెలకువ వచ్చిందట, నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడిందట. డబ్బా పెట్టకముందు ఆ చప్పుడు వినగానే లేచి మోటారు కట్టేసేది ఆయనే. "మరి కట్టెయ్యలేదేం అన్నా?" అని అడిగాను.

"డబ్బా ముట్టుకోవద్దని మీటింగుల మీరే చెప్పిన్రు గద సార్."

నిజమే. ఆ మాట చెప్పింది నేనే.

నేను ఇరవై రెండేళ్ళుగా మందుల ఫ్యాక్టరీలలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తున్నాను. జీడిమెట్లలో మొదలుపెట్టాను. రియాక్టర్‌లో, అంటే రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్రలో వేడి, పైపులో ఒత్తిడి, ట్యాంకులో మట్టం తమని తాము సరిదిద్దుకునేలా చూడడమే నా వృత్తి. అలాంటి నేను మా ఇంట్లో బాగా పనిచేస్తున్న ఒక మనిషి చెవిని పక్కనపెట్టి, గార పట్టే కడ్డీని నమ్మాను. ఎక్కడ తప్పు చేశానో ఆలోచిస్తూ పోతే అది మా ట్యాంకు దగ్గర ఆగలేదు, ఈ ఊరంతా కనపడింది. అందుకే రాస్తున్నాను.

నా వృత్తికి వెనక ఉన్న శాస్త్రం పేరు సైబర్‌నెటిక్స్. హైదరాబాద్‌లో సగం ఊరు ఆ పేరులోని ముక్కనే మోస్తోంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి సైబరాబాద్ అనే మాట మన నోట్లో నానుతోంది. సైబర్ అంటే కంప్యూటర్ అని చాలామంది అనుకుంటారు. అసలు మాట గ్రీకుది. కుబెర్నేటెస్ అంటే ఓడ చుక్కాని పట్టేవాడు. నార్బర్ట్ వీనర్ అనే అమెరికన్ గణితవేత్త 1948లో ఆ మాట తీసుకుని తన పుస్తకానికి 'సైబర్‌నెటిక్స్' అని పేరు పెట్టాడు. జంతువులోనూ యంత్రంలోనూ అదుపు ఎలా నడుస్తుంది, సమాచారం ఎలా పారుతుంది అన్నది దాని విషయం. అదే గ్రీకు మాట లాటిన్ మీదుగా గవర్నర్ అయింది. రాష్ట్రానికి ఉండే గవర్నర్‌కీ, స్కూలు బస్సు ఇంజనుకి బిగించే స్పీడ్ గవర్నర్‌కీ మూలం ఒకటే. ఆ లెక్కన సైబరాబాద్ అంటే చుక్కాని పట్టే సరంగుల ఊరు.

సరంగు ఏం చేస్తాడు? గాలి పడవని ఎడమకి నెట్టింది. ఎంత నెట్టిందో ఆయన కళ్ళతో చూశాడు, చుక్కాని అంత తిప్పాడు. పడవ కొంచెం ఎక్కువ కుడికి వచ్చింది. అదీ చూశాడు, మళ్ళీ కాస్త ఇటు తిప్పాడు. గాలి ఎందుకు వీచిందో, ఎంతసేపు వీస్తుందో ఆయనకి తెలియక్కర్లేదు. తను చేసిన పని ఫలితం తన దాకా తిరిగొస్తే చాలు, దారి తప్పకుండా ఒడ్డు చేరుస్తాడు.

ఇలా ఫలితం తిరిగి రావడాన్నే ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అంటారు. ఈ మాటని ఇప్పుడు ఫోన్‌లో అయిదు చుక్కలు నొక్కడానికి వాడేస్తున్నాం. నేను నొక్కిన చుక్కల వల్ల రేపటి పనిలో ఏ మార్పూ రాకపోతే వీనర్ అర్థంలో అది ఫీడ్‌బ్యాక్ కిందికి రాదు. అందుకే నేను దీన్ని మనసులో తిరుగు కబురు అనుకుంటాను. కబురు బయల్దేరాలి, చెడకుండా చేరాలి, సమయానికి చేరాలి, అందుకున్నవాడు చెయ్యి కదపగలిగేవాడై ఉండాలి. ఈ నాలుగిట్లో ఏది తప్పినా మిగతా మూడూ ఉండి లాభం లేదు. మా ట్యాంకు దగ్గర కడ్డీ కబురు చెడిపోయింది. వాచ్‌మన్ చెవిన పడిన కబురు మంచిదే, కానీ ఆయన చెయ్యి నేను కట్టేశాను.

ఈ ఉపాయం పాతదే. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి రెండు ఇనప గుండ్లు బిగించాడు. యంత్రం వేగం పెరిగితే గుండ్లు విసురుకి పక్కలకి లేస్తాయి, అవి లేస్తే ఆవిరి వచ్చే దారి సన్నబడుతుంది, వేగం తగ్గుతుంది. తగ్గితే గుండ్లు దిగి దారి మళ్ళీ తెరుచుకుంటుంది. కాపలా మనిషి లేకుండానే యంత్రం తన వేగాన్ని తనే పట్టుకుంటుంది. అయితే ఒక్కోసారి ఆ గవర్నరే యంత్రాన్ని ఊగించేది. వేగం ఎక్కువ, వెంటనే తక్కువ, మళ్ళీ ఎక్కువ. ఎప్పుడు కుదురుకుంటుంది, ఎప్పుడు ఊగిపోతుంది అన్నదాన్ని 1868లో మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త గణితంతో విప్పి చూపించాడు. పని నుంచి ఫలితానికీ, ఫలితం నుంచి మళ్ళీ పనికీ తిరిగే ఈ చక్రాన్ని మేం లూప్ అంటాం. మా ఫ్యాక్టరీలో ఇప్పటికీ లూప్ హంట్ అవుతోంది అంటే ఈ జబ్బే.

ఆ జబ్బుని నేను చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక రాత్రి షిఫ్టులో రియాక్టర్ ఆటో కంట్రోల్ పాడైంది. వాల్వు చేత్తో తిప్పుతూ లోపలి ద్రవాన్ని 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. మీటరు 52 చూపిస్తోంది. రియాక్టర్ చుట్టూ తొడుగులా ఉండే జాకెట్‌లోకి ఆవిరి పెంచాను. మీటరు కదల్లేదు. ఇంకొంచెం పెంచాను. కదల్లేదు. టెన్షన్‌లో ఇంకా పెంచాను. అప్పుడు మొదలైంది పెరగడం. 60 దాటింది, 65 దాటింది. గాభరాగా ఆవిరి మొత్తం కట్టేసి చల్లనీళ్ళు వదిలాను. 71 దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి 48కి పడిపోయింది. బ్యాచ్ పాడైంది. ఆవిరి వేడి ముందు జాకెట్‌కి, జాకెట్ నుంచి గోడకి, గోడ నుంచి ద్రవానికి, ద్రవం నుంచి థర్మామీటరుకి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కబురు ఇంకా దారిలో ఉండగానే నేను రాలేదనుకుని మూడుసార్లు చెయ్యి పెట్టాను. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న ఆపరేటర్ ఒకాయన మర్నాడు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు: "వాల్వు ముట్టుకున్నంక చేతులు కట్టుకొని నిలవడాలె. పది నిమిషాలు. వెసల్ జవాబియ్యాలె గద?"

వీనర్ కూడా ఇలాంటి ఊగులాట నుంచే ఇంత దూరం వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన విమానాల్ని కూల్చే ఫిరంగులకి గురి లెక్కలు కట్టే పనిలో ఉన్నాడు. ఎక్కువ సరిదిద్దుకుంటే యంత్రం ఊగిపోతుందని ఆయనకి తెలుసు. మరి మనిషిలోనూ అలాంటి జబ్బు ఏదైనా ఉందా అని అర్తూరో రోసెన్‌బ్లూత్ అనే శరీరశాస్త్రవేత్తని అడిగాడు. ఉందన్నాడాయన. చిన్నమెదడు దెబ్బతిన్న రోగి ఊరికే కూర్చున్నప్పుడు బాగానే ఉంటాడు. గ్లాసు అందుకోబోతే మాత్రం చెయ్యి అటు దాటిపోతుంది, ఇటు దాటిపోతుంది, ఊగుతూనే ఉంటుంది. ఫిరంగిలో ఉన్న నియమమే నరంలోనూ ఉందన్నమాట. యుద్ధం అయ్యాక, ఇకమీదట తన లెక్కలు క్షిపణుల తయారీకి ఇవ్వనని 1947లో పత్రికాముఖంగా చెప్పేశాడు వీనర్. తన పని ఫలితం తన దాకా వచ్చింది, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మనిషంటే నాకు గౌరవం. 1955లో మన దేశానికే వచ్చి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్ని నెలలు ఉన్నాడు.

ఇంకొక సంగతి చెప్పి ఊరి విషయంలోకి వస్తాను. చలిజ్వరంలో ఒళ్ళు కాలిపోతుంటే మనం ఎందుకు వణుకుతాం? మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోట మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉండే హద్దు, జ్వరంలో 39కి జరుగుతుంది. ఒళ్ళు 38 ఉన్నా ఆ హద్దుకి అది చల్లనే. అందుకే కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి, మనం దుప్పటి లాక్కుంటాం. మాత్ర వేసుకుంటే హద్దు కిందికి దిగుతుంది, అప్పుడు చెమట పడుతుంది. దీన్నే మేం సెట్ పాయింట్ అంటాం. తనంతట తను నడిచే ఏర్పాటు కూడా ఎవరో పెట్టిన హద్దుకే నడుస్తుంది. అది బాగా నడుస్తోందా అని అడిగేముందు హద్దు ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని అడగాలి.

మన ఊరి హద్దుల్లో చాలావరకు నీళ్ళతో వచ్చినవే. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ని ముంచింది. పైనున్న చెరువులు ఒకటి తెగి ఇంకొకదాని మీద పడ్డాయి. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఎగువన వరదని ఆపి మెల్లగా వదిలే జలాశయాలు కట్టమన్నాడాయన. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన అంతకుముందే, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కి తనంతట తను పనిచేసే గేట్లు పెట్టాడు. మట్టం హద్దు దాటితే అవే తెరుచుకుంటాయి, దిగితే అవే మూసుకుంటాయి. స్వయంగా సర్దుకునే యంత్రాన్ని కట్టిన మనిషి చేత ఈ ఊరు గీయించుకున్న పటం అది.

ఆయనకన్నా ఎన్నో తరాల ముందే మన దగ్గర అంతకన్నా సాదా యంత్రం ఉంది. దాని పేరు మత్తడి. చెరువు కట్టకి ఒక చివర కాస్త తక్కువ ఎత్తులో రాళ్ళు పేర్చి వదులుతారు. నీళ్ళు ఆ ఎత్తు చేరితే దుంకి కాలువలో పడి కింది చెరువుకి పోతాయి. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు లేదు, గార పట్టే కడ్డీ లేదు. రాయి ఎత్తే సెట్ పాయింట్. గొలుసుకట్టు చెరువులంటే ఇలాంటి లూపులు ఒకదానికొకటి తగిలించిన గొలుసు. 2020 అక్టోబరు వానకి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు చాలాచోట్ల మత్తడి తన పని తాను చేసింది. దుంకిన నీళ్ళు వెళ్ళాల్సిన నాలా మీద మనం ఇళ్ళు కట్టుకున్నాం, అందుకని అవి ఇళ్ళలోంచి వెళ్ళాయి.

మత్తడి ఒక్కదానితో చెరువు నడవదు. నల్లగొండ జిల్లాలో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తూము తెరిచి మూసే నీరటి ఒకాయన ఉండేవాడు. పిల్లలం నీరటి తాత అనేవాళ్ళం. ఎప్పుడు ఎంత తెరవాలో ఎలా తెలుస్తుంది తాతా అని అడిగితే, కట్ట మీంచి ఆయకట్టు చివర చూపించాడు. "ఆఖరి మడి రంగు చూడాలె బిడ్డా. అది పచ్చగుంటె నా పని సక్కగున్నట్టు." పంట వచ్చాక ప్రతి రైతు కల్లం దగ్గరా ఆయనకి గింజలు కొలిచేవాళ్ళు. ఆఖరి మడి ఎండితే ఆయన గంపలో గింజలు తగ్గుతాయి. చివరి పొలం పరిస్థితి తూము దగ్గరి చేతికి చేరే దారి అది. నేను ఫ్యాక్టరీలో వేలు పోసి కొనే ట్రాన్స్‌మిటర్, అంటే కొలతని దూరానికి పంపే పరికరం, చేసే పని అదే.

దాన్ని బంగారు కాలంగా చూపించడం నా ఉద్దేశం కాదు. నీరటి పని కులాన్ని బట్టి అంటగట్టిన పని. కొలిచే గింజల్లో మోసం జరిగేది. తూముకి దగ్గరున్న పెద్ద పొలాల వాళ్ళు గద్దిస్తే ఆయన ఎదురుచెప్పలేకపోయేవాడు. ఆయన చూసిన కబురు నిజమైనదే అయినా చాలాసార్లు ఆయన చెయ్యి కూడా మా వాచ్‌మన్ చెయ్యిలాగే కట్టేసి ఉండేది. రాస్ యాష్‌బీ అనే బ్రిటిష్ మనోవైద్యుడు 1956లో చెప్పిన సూత్రం ఒకటుంది. బయట ఎన్ని రకాల మార్పులు రాగలవో, అదుపు చేసేవాడి దగ్గర వాటికి సరిపడా అన్ని రకాల జవాబులు ఉండాలి. ఒక్క స్విచ్చున్న డబ్బా దగ్గర రెండే జవాబులు. మాట చెల్లని మనిషి దగ్గర అవి కూడా ఉండవు.

ఇప్పుడు బోరు సంగతి. ఇక్కడ లూప్ తలకిందులైంది. మా బోరు ఎండింది. ఇంకో రెండొందల అడుగులు దించాం. ఆ దెబ్బకి పక్క అపార్ట్‌మెంట్ బోరు ఎండింది, వాళ్ళు మాకన్నా లోతుకి వెళ్ళారు. మళ్ళీ మాది ఎండింది. వాట్ గుండ్లు వేగం పెరిగితే ఆవిరి తగ్గిస్తాయి. మేం నీళ్ళు తగ్గేకొద్దీ తోడడం పెంచాం. ఇలాంటి లూప్‌ని మా భాషలో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. పేరు వినడానికి బాగుంటుంది, కానీ ఫ్యాక్టరీలో దాన్ని చూస్తే అలారం కొట్టి జనాన్ని బయటికి పంపిస్తాం.

ఆ అలారం మన వీధుల్లో వినపడకపోవడానికి కారణం ట్యాంకర్ అని నా గట్టి నమ్మకం. ట్యాంకర్ నడిపేవాళ్ళని తప్పుపట్టడం లేదు, వాళ్ళు రాకపోతే ఏప్రిల్‌లో మా ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ బోరు ఎండిందన్న కబురు మా గడప దాకా రాకముందే ట్యాంకర్ హారన్ వినపడుతుంది. కుళాయి తిప్పితే నీళ్ళు అలాగే వస్తాయి. మాకు అందేదల్లా నెలాఖరున మెయింటెనెన్స్ బిల్లులో పెరిగిన కొన్ని వందలు. ఆ ట్యాంకర్ నింపుకున్న ఊరి శివారు బావి దగ్గర ఎవరి చేను ఎండిందో, ఆ కబురు వచ్చే దారే లేదు. ఆఖరి మడి ఎక్కడుందో మాకు తెలియదు.

సెన్సార్లు పెడితే సరిపోతుందని నాతో వాదించేవాళ్ళు ఉన్నారు. ప్రతి నాలాకీ, ప్రతి బోరుకీ మీటరు, అన్నీ కలిపి పెద్ద తెర మీద చూపించే గది, పైన ఏఐ. సెన్సార్లు అమర్చి బతికేవాణ్ణి, వాటి విలువ నాకు తెలుసు. భూగర్భజల శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి పీజోమీటర్లతో, అంటే నేలలోకి దించిన కొలత గొట్టాలతో, నీటిమట్టాలు కొలుస్తూనే ఉన్నారు. కొలత మన దగ్గర ఉంది. ఆ అంకె చూసి మోటారు కట్టేసే చెయ్యి ఏది? గదిలో తెర మీద ఎర్ర చుక్క వెలిగితే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు కారు కడగడం ఆపుతారు? కబురుని ఒకచోటికీ, చేతిని ఇంకోచోటికీ పెట్టి మధ్యలో ఎంత తెలివి పోసినా నా రియాక్టర్ 60 దగ్గర నిలవదు, ఊరూ నిలవదు. నీళ్ళు వాడే చేతికీ నీళ్ళ మట్టానికీ మధ్య దూరం తగ్గించే పనికే ముందు డబ్బు పెట్టాలని నా వాదన.

నేను చేయగలిగింది చిన్నది, చేశాను. రెండు తీగల కేబుల్‌కి అడుగడుగునా గుర్తులు పెట్టి, ఇంకో చివర మల్టీమీటర్ తగిలించాను. బోరు కేసింగ్‌కీ పైపుకీ మధ్య సందులోంచి దించితే, తీగ చివర నీళ్ళని తాకగానే మీటరు ముల్లు కదులుతుంది. ఎన్ని అడుగులు దిగిందో లెక్కపెట్టడమే. ప్రతి నెల మొదటి ఆదివారం ఆ అంకెని లిఫ్టు పక్కన నల్లబోర్డు మీద రాస్తున్నాం. ఆటోమేటిక్ డబ్బా పక్కన ఒక మాన్యువల్ స్విచ్ పెట్టించాను. చప్పుడు వినపడితే ఎవర్నీ అడగకుండా కట్టెయ్యమని మీటింగులో అందరి ముందూ వాచ్‌మన్‌కి చెప్పాను. పోయినసారి చెప్పింది తప్పని కూడా చెప్పాను.

మొదటి రెండు నెలలు బోర్డు ఎవరూ చూడలేదు. ఈ ఏడాది మార్చిలో 210 అడుగులు, ఏప్రిల్‌లో 231, మేలో 248. మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి కనపడ్డాక లిఫ్టు కోసం నిలబడేవాళ్ళ మాటల్లోకి అవి వచ్చాయి. మే మీటింగులో మిద్దె మీది వాన పైపుల్ని డ్రైనేజీ నుంచి మళ్ళించి ఇంకుడు గుంతకి కలపాలన్నారు. ఈ మాట మూడేళ్ళుగా నేను ఎత్తుతూ, అందరూ వాయిదా వేస్తూ వచ్చినదే. ఈసారి ఎత్తింది నేను కాదు, రెండో అంతస్తు కుర్రాళ్ళు. జూన్ వానలకి ముందే పని పూర్తయింది.

ఆగస్టు మొదటి ఆదివారం నేను ఊళ్ళో లేను, ఫ్యాక్టరీ షట్‌డౌన్ పని మీద విశాఖలో ఉన్నాను. పదింటికి మూడో అంతస్తు పెద్దావిడ ఫోన్ చేసింది. "బాబూ, ఈ నెల అంకె రాయలేదేం?" వచ్చాక కొలుస్తానండీ అని చెప్పి పెట్టేశాను. గంట తర్వాత ఆవిడే ఫొటో పంపింది. వాచ్‌మన్ కేబుల్ తీసి దింపి తనే కొలిచాడట. బోర్డు మీద సుద్దముక్కతో, నా రాతకన్నా పెద్ద అంకెల్లో, 196 అని ఉంది.